మూడవ సాలారుజంగుగారి ఆయుధసంగ్రహము

మేమిచట స్మరించుచున్న మూడవ సాలారుజంగు, మీర్ యూసుఫ్ అలీఖానుగారు, 1889వ సంవత్సరము జూను 13వ తేదీని జన్మించిరి. నెల నిండకమునుపే తండ్రిని గోల్పోయిరి. 1912లో నిజాము దివానై, 1914లో ఆ పదవిని విడిచి, 1949లో కీర్తిశేషులగు వఱకు కాలమును ధనమును వస్తుసేకరణమునకే వెచ్చించిరి. తాతతండ్రులు కూర్చినదానికి ఖడ్గములు, డాళ్లు, కవచములు, తుపాకులు చేర్చుచు వచ్చిరి. జహంగీరు, నూర్జహానుల బాకులును ఆ సంగ్రహమున గలవు.

వారు వివాహమాడలేదు. ఇట్టి సంగ్రహములు పంపకములలో ముక్కలగుట లోకమున మామూలు. ఇది యట్లు కాలేదు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దివాను దేవిడీలో దీనిని ప్రదర్శనశాలగా ప్రారంభించిరి. 1958లో వారసులు రాజీపడి ప్రభుత్వమున కొప్పగించిరి. 1968లో మూసీయొడ్డున నూతనభవనమునకు మాఱెను.

కూర్చినవా రొక్కరు, చెదరనీయక కాచినవారు పలువురు. మన యిండ్లలోని పూర్వుల వస్తువులనుగూర్చియు దాతలు, సోదరు లిట్లే తలఁతురుగాక యని కోరుచున్నాము.