మట్టిపై యుద్ధగాథలు రచించిన ఎక్సీకియాస్

రాజుల చరిత్రను శాసనాలు చెబుతాయి. కవుల చరిత్రను కావ్యాల అవతారికలు చెబుతాయి. సారె తిప్పి పాత్రలు చేసిన పనివాని చరిత్రను ఎవరు చెబుతారు? క్రీస్తు పూర్వం ఆరవ శతాబ్దంలో గ్రీసు దేశపు ఏథెన్స్ నగరంలో జీవించిన ఎక్సీకియాస్ విషయంలో ఆ బాధ్యతను ఆయన చేసిన మట్టిపాత్రలే స్వీకరించాయి. ఆయన తల్లిదండ్రుల పేర్లు గాని, జననమరణ సంవత్సరాలు గాని ఏ గ్రంథంలోనూ లభించవు. అయినా పదికి పైగా పాత్రల మీద ఆయన పేరు నేటికీ చెక్కుచెదరక నిలిచి ఉన్నది.

ఆయన కళాజీవితం సుమారు క్రీ.పూ. 545 నుండి 530 వరకు సాగినదని పండితుల నిర్ణయం. అది ఏథెన్స్‌ను పిసిస్ట్రాటస్ పాలించిన కాలం. నగరంలో కుమ్మరుల పేట పేరు కెరమైకస్. ఆంగ్లంలోని సెరామిక్ అనే మాటకు మూలమైన గ్రీకు ధాతువు నుండే ఆ పేరు కూడా పుట్టింది. అక్కడ తయారైన పాత్రలు ద్రాక్షాసవానికీ, నూనెకూ, నీటికీ ఉపయోగపడేవి. ఓడలెక్కి ఇటలీ వరకు పోయేవి.

ఆనాటి చిత్రణ విధానం మిక్కిలి కష్టసాధ్యమైనది. ఇనుము పాలు అధికంగా గల ఏథెన్స్ మట్టితో పాత్ర చేసి, అదే మట్టిని నీటిలో కలిపి తీసిన సన్నని తేటతో బొమ్మలను నింపేవారు. పూత ఆరిన తరువాత మొనదేలిన పనిముట్టుతో కన్ను, కండరం, కవచపు అల్లిక గీసేవారు. ఆవంలో మొదట గాలి ఆడనిచ్చి కాల్చితే పాత్ర ఎర్రబడుతుంది. తరువాత గాలి మూసి కాల్చితే అంతా నల్లబడుతుంది. చివరకు మరల గాలి వదిలినపుడు, పూత లేని భాగం తిరిగి ఎరుపెక్కుతుంది. గాజువలె బిగిసిన పూత మాత్రం నల్లగానే నిలుస్తుంది. పనిముట్టు ఒక్కసారి తప్పితే ఆ గీతను దిద్దుకోవడం దుర్లభం. ఈ విద్యలో ఎక్సీకియాస్‌ను మించినవారు లేరని చెప్పడం అతిశయోక్తి కాదు. పాత్రను చేయడం, దానిపై బొమ్మ వేయడం రెండూ ఆయనకు వచ్చు. రెండు పాత్రల మీద తానే చేసినట్లు, తానే చిత్రించినట్లు కూడా వ్రాసుకొన్నాడు.

ఆ కాలపు పాత్రలపై యుద్ధమంటే ఎక్కువగా ఈటెల కలయిక, రథాల పరుగు, శవాలపై పెనుగులాట. ఎక్సీకియాస్ కూడా అట్టి చిత్రాలు వేశాడు. కాని ఆయన కీర్తికి కారణమైన మూడు చిత్రాలను పరికిస్తే, ట్రాయ్ మహాసంగ్రామంలో ఆయన చూపు ఎక్కడ నిలిచిందో తెలుస్తుంది.

మొదటిది వాటికన్ మ్యూజియంలోని సుమారు 61 సెంటీమీటర్ల ఎత్తు గల జాడీ. అకిలీస్, అజాక్స్ అనే ఇద్దరు మహావీరులు ఈటెలు చేతబట్టి, పలక మీదికి వంగి ఆట ఆడుతున్నారు. అకిలీస్‌కు నాలుగు, అజాక్స్‌కు మూడు పడినట్లు వారి నోళ్ళ వద్ద వ్రాసి ఉన్నది. ఇద్దరూ ట్రాయ్ నుండి ప్రాణాలతో తిరిగిపోరని చూచే ప్రతి గ్రీకువానికీ తెలుసు. ఈ ఘట్టం హోమర్ కావ్యంలో లేదు. జాడీ రెండవ వైపున ఒక ఇంటి ముంగిలి: తల్లి, తండ్రి, వారి ఇద్దరు కుమారులు, గుర్రం, యజమానిపైకి ఎగబాకే కుక్క. ఒకవైపు యుద్ధభూమి, మరొకవైపు గృహసీమ.

రెండవది బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ట్రాయ్‌కు సహాయంగా వచ్చిన అమెజాన్ల రాణి పెంథెసిలియా కంఠంలో అకిలీస్ ఈటె దిగింది. అతని ముఖాన్ని శిరస్త్రాణం కప్పివేసింది. తెల్లని రంగు వేసిన ఆమె ముఖం మాత్రం తేటగా కనిపిస్తుంది. మోకాళ్ళపై కూలుతూ ఆమె తల త్రిప్పి అతనిని చూస్తున్నది. ఆ చూపులు కలిసిన క్షణంలోనే అకిలీస్ ఆమెను ప్రేమించాడని పురాణగాథ. జయించినవాడు ఏమి పోగొట్టుకొన్నాడో చిత్రకారుడు ఆ రెండు కన్నులతోనే చెప్పాడు.

మూడవది ఫ్రాన్స్‌లోని బులోన్ నగరపు మ్యూజియంలో ఉన్నది. అకిలీస్ మరణానంతరం అతని ఆయుధాలు తనకు దక్కక ఒడిస్సియస్‌కు దక్కిన అవమానంతో అజాక్స్ ప్రాణత్యాగానికి పూనుకొన్నాడు. ఇతర చిత్రకారులు కత్తిపై పడిన శవాన్ని చూపగా, ఎక్సీకియాస్ దానికి ముందటి క్షణాన్ని గ్రహించాడు. వీరుడు ఒంటరిగా వంగి కత్తిని నేలలో పాతుతున్నాడు. నుదుట దుఃఖరేఖలు. ఒక ప్రక్క విడిచిన డాలు, శిరస్త్రాణం. మరొక ప్రక్క ఒక తాళవృక్షం. శత్రువెవ్వడూ లేడు.

యుద్ధానికి ముందటి విరామం, యుద్ధంలోని ఒక చూపు, యుద్ధం మిగిల్చిన ఒంటరితనం: వీరగాథలను కొనియాడే సమాజంలో నివసించి కూడా ఆయన వీరుని భుజబలం కంటే మనస్సును ఎక్కువగా చిత్రించాడు. ఆయన మహత్త్వం ఇందులోనే ఉన్నది.

ఆటాడే వీరుల దృశ్యం తరువాతి పాత్రలలో నూటయాభైకి పైగా కనిపిస్తుంది. క్రీ.పూ. 525 ప్రాంతానికి నల్లని నేపథ్యంలో ఎర్రని బొమ్మలు వేసే కొత్త పద్ధతి రాగా, పాత పద్ధతి క్రమంగా వెనుకబడింది. ఎక్సీకియాస్ పేరు మరుగునపడింది. ఏథెన్స్ కుమ్మరి చేసిన పాత్రలను భద్రపరచినవి ఇటలీలోని ఎట్రస్కన్ జాతివారి సమాధులు. 1828 నుండి వుల్చి ప్రాంతంలో జరిగిన త్రవ్వకాలలో అవి వేలకొలదిగా బయటపడ్డాయి. పెంథెసిలియా జాడీ 1836లో బ్రిటిష్ మ్యూజియం చేరింది. ఇరవయ్యవ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ బీజ్లీ (1885-1970) చెవి, కన్ను, మడమ గీసిన తీరును బట్టి సంతకం లేని పాత్రలలో సైతం ఎక్సీకియాస్ హస్తాన్ని గుర్తించాడు.

విద్యార్థులారా! ఆనాటి ఏథెన్స్ పాలకులు కట్టించిన కట్టడాలలో అనేకం శిథిలమైపోయాయి. పిడికెడు మట్టిని నమ్ముకొన్న పనివాడు మాత్రం రెండువేల అయిదువందల ఏండ్ల తరువాత కూడా మనతో మాట్లాడుతున్నాడు. చేతిపనిని చిన్నచూపు చూచేవారికి ఆయన జీవితమే సమాధానం.