అజంతా బొమ్మలను నిలిపిన యాజ్దానీ

రామప్ప గుడిని చూసి వచ్చేవారికి గులాం యాజ్దానీ పేరు తెలియకపోవచ్చు. పాలంపేట గుళ్ళపై 1922లోనే పుస్తకం రాసి లోకానికి చాటిన వ్యక్తి ఆయన. అజంతా గుహల్లోని బొమ్మలు నేటికీ నిలిచి ఉన్నాయంటే అందులోనూ ఆయన కృషి ఎంతో ఉంది.

యాజ్దానీ 1885లో ఢిల్లీలో జన్మించారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి దానిని ఆయనకు అప్పగించింది. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోనే, ఔరంగాబాదు ప్రాంతంలో ఉండేది.

కొండ కడుపున తొలిచిన ఆ గుహల్లో గోడలకు మట్టిపూత వేసి, దానిపై బొమ్మలు గీశారు. మన పల్లెటూళ్ళలో మట్టిలో ఊక కలిపి గోడలు మెత్తినట్లే ఆ పూతలోనూ ఊక, నార కలిపారు. పురుగులు ఆ నారను తినేయడంతో పూత డొల్లపడి పెళ్ళలుగా రాలిపోసాగింది. గబ్బిలాలు, పొగ, వాననీటి చెమ్మ కూడా బొమ్మలకు చేటు తెచ్చాయి. అంతకుముందు ఆంగ్లేయ చిత్రకారులు దించుకున్న నకళ్ళు 1866లోను, 1885లోను లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదాల్లో చాలా కాలిపోయాయి. ఇక అసలు బొమ్మలు పోతే అంతే సంగతులు.

ఈ స్థితిలో ఇటలీ నుంచి సెక్కోని, ఓర్సిని అనే ఇద్దరు నిపుణులను పిలిపించారు. 1920 నుంచి 1922 వరకు, చలికాలాల్లో వారు పనిచేశారు. ఊడుతున్న పూతను గోడకు అతికించి, అంచులు బిగించి, బొమ్మలపై లక్కపూత పూశారు. పూత నిలిచింది గాని, లక్క కాలక్రమేణా పసుపు తిరిగి రంగులను మసకబార్చింది. తర్వాతి కాలంలో కేంద్ర పురావస్తు శాఖ రసాయన నిపుణులు దానిని తొలగించే పనికి పూనుకోవలసి వచ్చింది. ఆనాటి మందులో లోపం ఉన్నా, ఆ వైద్యమే జరగకుంటే శుభ్రం చేయడానికి బొమ్మలే మిగిలేవి కావు.

యాజ్దానీ అంతటితో ఆగలేదు. బొమ్మలకు రంగుల ఫోటోలు తీయించి, వివరణలతో 1930 నుంచి 1955 వరకు నాలుగు భాగాల గ్రంథం వెలువరించారు. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. 1962లో ఆయన కన్నుమూశారు.

పాత గుడి గోడలు, శిల్పాలు ఉన్న ఊళ్ళు మన జిల్లాలో చాలా ఉన్నాయి. పండుగ వచ్చిందని వాటికి సున్నం, రంగులు వేసేముందు గ్రామపెద్దలు పురావస్తు శాఖవారికి ఒక మాట తెలియజేయడం మంచిది. నిపుణులు ఆచితూచి వేసిన పూతే చిక్కు తెచ్చినప్పుడు, మనం తెలియక పూసిన రంగు ఇంకెంత చేటు చేస్తుందో ఆలోచించాలి.