శూన్యాన్ని సాధించిన స్వామి

మీరు అండమాన్ తీరంలో ఉన్నా, గోదావరి ఒడ్డున ఉన్నా, ఉప్పునీరు ఎండిన చోట తెల్లని పలుకులు మిగలడం చూసే ఉంటారు. అవి స్ఫటికాలు. వాటిలో పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. ఆ వరుసలు కంటికి కనబడవు. ఎక్స్ కిరణాలనో, ఎలక్ట్రాన్లనో స్ఫటికం మీదికి పంపితే అవి కొన్ని దిక్కులకే వంగి, ఫిల్ము మీద చుక్కలుగానో వలయాలుగానో పడతాయి. దీనినే వివర్తనం అంటారు. ఇటువంటి పరిశోధనలకు కావలసిన పరికరాల కోసం కృషి చేసిన ఒక తెలుగువాని జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆయన పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో జన్మించారు. యౌవనంలోనే ఇల్లు విడిచి, హిమాలయాలకు వెళ్లి యోగసాధన చేశారు. స్వామి జ్ఞానానంద అయ్యారు. 1920ల చివర జర్మనీ వెళ్లి యోగం గురించి ఉపన్యాసాలిచ్చారు.

అక్కడ ఆయన జీవితం మలుపు తిరిగింది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయనను ఆకర్షించింది. ముప్పై ఏళ్లు దాటిన సన్యాసి మళ్లీ విద్యార్థి అయ్యారు. గురువుగా గౌరవం అందుకొంటున్న వ్యక్తి లెక్కలు, భౌతిక శాస్త్రం నేర్చుకోవడానికి బల్ల ముందు కూర్చోవడం ఎంత కష్టమో ఊహించండి.

తరువాత ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల తరంగ దైర్ఘ్యాలను కచ్చితంగా కొలిచే పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. ఈ కొలతల్లో కిరణాలను వేరుచేసేది స్ఫటికమే. అనంతరం ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న ఛాడ్విక్ వద్ద బీటా కిరణాలపై పరిశోధించారు. బీటా కిరణాలంటే వేగంగా దూసుకుపోయే ఎలక్ట్రాన్లే.

ఇక్కడొక చిక్కు ఉంది. మన చుట్టూ ఉన్న గాలిలో ఒక అణువు మరో అణువును ఢీకొనకుండా పోగలిగే దూరం సగటున మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడా ఉండదు. అంత దట్టమైన గాలిలో ఎలక్ట్రాన్లు దారి తప్పుతాయి. అందుచేత పరికరంలోని గాలిని తీసివేయాలి. పీడనాన్ని పాదరస మట్టంలో 760 మిల్లీమీటర్ల నుండి మిల్లీమీటరులో లక్షవ వంతుకు తగ్గిస్తే, ఆ దూరం దాదాపు 5 మీటర్లవుతుంది. ఇది ఒక్క పంపుతో అయ్యే పని కాదు. మొదట యాంత్రిక పంపు, తరువాత పాదరసం లేక నూనె ఆవిరితో పనిచేసే వ్యాపన పంపు కావాలి. ఎక్కడో వెంట్రుకవాసి సందున్నా, గాజు గోడకు కొద్దిపాటి తేమ అంటి ఉన్నా శ్రమంతా వృథా.

ఈ విద్యనంతా క్రోడీకరించి స్వామి జ్ఞానానంద 'హై వాక్యువా' అనే గ్రంథం రాశారు. శూన్యం వెనుక ఉన్న సూత్రాలను, దానిని సాధించే, కొలిచే పద్ధతులను వివరించే ఆ గ్రంథం 1947లో అమెరికాలో వెలువడింది.

స్వదేశానికి తిరిగివచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, వాల్తేరులో కేంద్రక భౌతిక శాస్త్ర ప్రయోగశాలలను నెలకొల్పారు. 1969లో కన్నుమూశారు. ఆ ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు.

నేడు ఎక్స్ కిరణాలకు చాలని అతి చిన్న స్ఫటికాల నిర్మాణాన్ని ఎలక్ట్రాన్ల వివర్తనంతో తెలుసుకుంటున్నారు. ఆ యంత్రాలకూ మొదటి అవసరం మంచి శూన్యమే.

చదువు మధ్యలో ఆపి మళ్లీ పుస్తకం పట్టిన వారు మీలో ఎందరో ఉంటారు. వయసు మీరిందని మనసు వెనకాడినప్పుడు, కాషాయం కట్టిన ఈ విద్యార్థిని ఒకసారి తలచుకోండి.