డాక్టరు విలియం రాక్స్‌బర్గు

సామర్లకోట యనగానే మనకు భీమేశ్వరాలయము జ్ఞప్తికి వచ్చును. భారతదేశ వృక్షశాస్త్రమునకు పునాది వేసిన మహనీయు డొకడు అచ్చటనే పెక్కేండ్లు శ్రమించెనని విద్యార్థులు తెలిసికొనదగును.

రాక్స్‌బర్గు 1751లో స్కాట్లాండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యమును, వృక్షశాస్త్రమును అభ్యసించి, 1776లో చెన్నపట్టణమునకు కుంఫిణీ వైద్యుడుగా వచ్చెను. 1781లో సామర్లకోట చేరి, అచ్చట తోట వేసి, మిరియము మున్నగు మొక్కలను పెంచి పరీక్షించెను. తరంగంబాడి మిషనునకు వైద్యుడుగా వచ్చిన కోనిగు అతనికి శాస్త్రమిత్రుడు.

1787లో కోరంగి తీరమును ముంచిన యుప్పెనలో అతని గ్రంథములు, వ్రాతలు, ఎండబెట్టి దాచిన మొక్కలు నశించెను. అయినను అతడు నిరాశచెందక మరల మొదటినుండి ప్రారంభించెను. దేశీయ చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించి, వాని తెలుగు పేర్లనుగూడ సేకరించెను. కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చిన అతని గ్రంథము 300 చిత్రములతో 1795 మొదలు 1819 వరకు మూడు సంపుటములుగా వెలువడెను.

1793లో అతడు కలకత్తా వృక్షోద్యానమునకు అధికారి యయ్యెను. 1813లో అతడు స్వదేశమునకు మరలగా, ఆ తోటలోని సుమారు 3,500 జాతుల పట్టికను మరుసటి యేడు మిషనరీయగు విలియం కేరీ శ్రీరామపురమున ప్రకటించెను. 1815లో రాక్స్‌బర్గు ఎడింబరోలో కాలధర్మము నొందెను.

వంగదేశమున అతడు వర్ణించిన కోరిఫా తాలియేరా యను తాళవృక్షము నే డడవులలో కానరాదు. మనుష్యులు నాటి పెంచిన చోట్లనే మిగిలియున్నది. తోటలో నాటిన మొక్కయు, పేరు వ్రాసి యుంచిన పుటయు లేకున్న, అట్టి జాతి యొకటి యుండెనని సైతము మన మెరుగకపోవుదుము.