నీటి శాసనాలు చదివిన రాబర్ట్ బ్రూస్ ఫూట్

మానవుడు రాతిపై చెక్కిన శాసనాలను చదివిన పండితులు మనకెందరో ఉన్నారు. నీరు రాతిపై చెక్కిన శాసనాలను చదివినవారు అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్. భారతదేశ ప్రాక్చరిత్ర అధ్యయనానికి పితామహుడిగా ఆయన ప్రసిద్ధుడు.

ఫూట్ 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించాడు. 1858లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో చేరి, ఉద్యోగజీవితాన్ని అధికభాగం దక్షిణభారతంలో గడిపాడు. 1863 మే 30న మద్రాసు సమీపాన పల్లావరంలోని కంకర గోతిలో ఆయనకు ఒక రాతిముక్క లభించింది. ప్రవాహంలో దొర్లిన రాయి నునుపు తేరుతుంది. మనిషి చెక్కిన రాయికి పదునైన అంచు ఏర్పడుతుంది. ఈ భేదాన్ని ఎరిగిన ఫూట్, అది ఆదిమానవుని పనిముట్టని గుర్తించాడు. మన దేశంలో పాతరాతియుగ మానవుడు నివసించాడన్న సత్యం ఆ విధంగా వెలుగుచూసింది.

ఆదిమానవుని జాడలకై ఆయన గుహలను కూడా అన్వేషించాడు. న్యూబోల్డ్ 1844లో వర్ణించిన బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలను పరిశీలించాడు. అచట ఆయన కుమారుడు హెన్రీ జరిపిన త్రవ్వకాలలో ప్రాచీన జంతువుల ఎముకలు బయల్పడ్డాయి. 1884లోనే, నేటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను ఫూట్ శాస్త్రలోకం దృష్టికి తెచ్చాడు.

ఆ గుహలను తొలిచిన శిల్పి నీరే. బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు పగుళ్ళలోకి దిగి, సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పగుళ్ళు దారులై ప్రవాహం పెరిగినప్పుడు, గోడల వెంట చిన్న సుడులు పుట్టి దోసిలివంటి గుంటలను మలుస్తాయి. ప్రవాహవేగం హెచ్చినకొద్దీ ఆ గుంటలు చిన్నవవుతాయి. వాటి పరిమాణాన్ని బట్టి, ఏనాడో ఇంకిపోయిన ప్రవాహపు వేగాన్ని సైతం నేటి శాస్త్రజ్ఞులు అంచనా వేయగలరు.

లోతు తక్కువైన నీటిలో సుడి నడక మరింత చిత్రమైనది. గిన్నెలో నీరు పోసి, చిటికెడు ఇసుక వేసి గిరగిర త్రిప్పితే, ఇసుక అంచులకు పోక అడుగున నడుమకు చేరుతుంది. అడుగుభాగపు నీరు ఒరిపిడివల్ల వేగం తగ్గి లోపలికి జరగడమే ఇందుకు కారణం. నదులలో సుడికి చిక్కిన ఇసుక, గులకరాళ్ళు ఒకేచోట తిరుగుతూ రాతిని అరగదీసి, రోలువంటి గుండ్రని గుంతలను తొలుస్తాయి.

ఫూట్ 1891లో పదవీవిరమణ చేసిన పిదప బరోడా, మైసూరు సంస్థానాలలో సేవలందించాడు. జీవితకాలమంతా సేకరించిన ప్రాచీన వస్తువులను 1904లో మద్రాసు మ్యూజియంకు విక్రయించాడు. 1912లో కలకత్తాలో కన్నుమూశాడు.

ఆయన గుర్తించిన బెలుం గుహలు మాత్రం దాదాపు శతాబ్దకాలం నిరాదరణకు గురయ్యాయి. 1982, 1983లలో గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వాటిని సవివరంగా శోధించింది. 1999లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ వాటిని స్వీకరించగా, 2002లో సందర్శకులకు ద్వారాలు తెరుచుకున్నాయి. గుహల పొడవు 3,229 మీటర్లు. 46 మీటర్ల లోతున ఉన్న పాతాళగంగలో నేటికీ నీరు పారుతూ భూమిలోకి అదృశ్యమవుతుంది.

ఒక తరం గుర్తించిన సంపదను తరువాతి తరాలు కాపాడుకోకపోతే ఆ గుర్తింపు నిష్ఫలమవుతుంది. లక్షల ఏండ్లుగా నీరు చెక్కిన రాతిని ఒక్క సుత్తిదెబ్బ చెరిపివేయగలదు. దానిని చదవడం ఫూట్ నేర్పిన విద్య; చెదరనీయకుండా నిలుపుకోవడం మన కర్తవ్యం.