పాలేరుతనమును మరువని హెన్రీ విల్సన్

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 15:12–15



పై వేదభాగమును తెరచి నిదానముగా చదువుడి. ఆరు సంవత్సరములు పనిచేసిన దాసుని ఏడవ యేట విడుదల చేయవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. అంతటితో చాలించక, పోవువానికి మందలో కొంత, ధాన్యములో కొంత ఇచ్చి సాగనంపుమనుచున్నది. ఎందుకనగా ఇశ్రాయేలీయులును ఒకప్పుడు ఐగుప్తులో దాసులే. ఆ సంగతి వారు మరువరాదు. ఇట్లు మరువక బ్రదికిన ఒక అమెరికా దేశస్థుని జీవితమును ఈ నెల ధ్యానింతము.

1812 ఫిబ్రవరి 16వ తేదీన న్యూహాంప్‌షైర్ రాష్ట్రమందలి ఫార్మింగ్‌టన్‌లో ఒక కూలివాని యింట మగబిడ్డ పుట్టెను. జెరెమియా జోన్స్ కోల్‌బాత్ అని పేరు పెట్టిరి. ఇంటిలో కటిక బీదరికము. పదేండ్ల ప్రాయమున ఆ బాలుని ఒక రైతునొద్ద పాలేరుగా పెట్టిరి. ఇరువదియొకటవ యేడు నిండువరకు అక్కడనే పనిచేయవలెనని పత్రము వ్రాసిరి. తిండి, బట్ట, ఏటికి ఒక నెల బడి, ఇదే జీతము. పగలు పొలముపని. పని తీరిన పిమ్మట ఇతరులనడిగి తెచ్చుకొన్న పుస్తకములు. ఆ పదునొకండు ఏండ్లలో అతడు దాదాపు వేయి పుస్తకములు చదివెనని చెప్పుదురు.

గడువు తీరగా అతనికి ఆరు గొఱ్ఱెలును ఒక జత ఎద్దులును ముట్టెను. వాటిని అమ్మగా వచ్చినది సుమారు 85 డాలర్లు. పదునొకండు ఏండ్ల చాకిరికి అది అల్పమే. అయినను వట్టి చేతులతో బయటికి రాలేదు. 1833లో హెన్రీ విల్సన్ అని పేరు మార్చుకొని, నూరు మైళ్లకు పైగా నడిచి మసాచుసెట్స్ రాష్ట్రములోని నాటిక్ గ్రామము చేరెను. అక్కడ జోళ్లు కుట్టుట నేర్చుకొని, రాత్రింబగళ్లు ఆ పనిలోనే యుండెను. తరువాత రాజకీయములలో ప్రవేశించినప్పుడు జనులు ఆయనను నాటిక్ చెప్పులవాడని పిలిచిరి. ఆ పేరు ఆయనకు సిగ్గు కలిగింపలేదు.

అధిక శ్రమచేత ఆరోగ్యము చెడగా 1836లో విశ్రాంతికై దేశ రాజధానియైన వాషింగ్టన్ వెళ్లెను. దారిలో పొలములలో నల్లజాతి దాసులు పనిచేయుట చూచెను. రాజధానిలో, శాసనసభా భవనమునకు దూరము కాని చోటనే, మనుష్యులను అమ్మకమునకు నిలువయుంచిన దొడ్లు చూచెను. తన పాలేరుతనమునకు ఒక గడువుండెను. వీరికి గడువు లేదు. వీరి బిడ్డలకును లేదు. ఈ దుర్మార్గమునకు విరోధముగా పోరాడుదునని ఆ యువకుడు నిశ్చయించుకొని తిరిగి వచ్చెను.

1841 నుండి ఆయన మసాచుసెట్స్ శాసనసభలో కూర్చుండెను. 1855లో జాతీయ సెనెటులో సభ్యుడాయెను. ఇక్కడ ఒక లోపమును దాచరాదు. ఆ యెన్నికకు ముందు, పరదేశములనుండి వలసవచ్చినవారిని, ముఖ్యముగా రోమను కతోలికులను ద్వేషించు పక్షముతో ఆయన చేయి కలిపెను. బీదవాడై పొట్ట చేతపట్టుకొని నడిచి వచ్చినవాడే, బీదలై ఓడలెక్కి వచ్చినవారిని మరచెను. దాసత్వము విషయమై ఆ పక్షము వెనుకాడగా 1855లోనే దానిని విడిచిపెట్టెను. మరపు మంచివారిని సైతము పట్టుకొనునని దీనివలన నేర్చుకొందము.

అంతర్యుద్ధము జరుగుచుండగా, 1861 డిసెంబరులో, రాజధానీ ప్రాంతమున దాసత్వమును రద్దుచేయు బిల్లును విల్సన్‌గారే సెనెటులో ప్రవేశపెట్టిరి. 1862 ఏప్రిల్ 16న అధ్యక్షుడు లింకన్ దానిపై సంతకము చేసెను. ఏ పట్టణములో ఆ యువకుని హృదయము నొచ్చెనో, ఆ పట్టణములోనే ఇరువదియారు ఏండ్లకు సుమారు 3,100 మంది విడుదలైరి. కాని ఆ చట్టము ప్రకారము ఒక్కొక్క దాసునికై 300 డాలర్ల వరకు పరిహారము ముట్టినది యజమానులకు. విడుదలైనవారిలో దేశము విడిచిపోవ నొప్పుకొన్నవారికి మాత్రము 100 డాలర్ల వరకు ఇత్తుమనిరి. ఉన్న ఊరిలోనే ఉందుమన్నవారికి ఒక్క గొఱ్ఱెయైనను లేదు. మోషే ధర్మశాస్త్రముతో దీనిని పోల్చి చూడుడి.

నల్లజాతి సైనికులకు తెల్లవారితో సమానమైన జీతమియ్యవలెనని కూడ ఆయన సెనెటులో పట్టుపట్టెను. 1864లో అందుకు చట్టము వచ్చెను.

1866లో ఆయన క్రీస్తునందలి విశ్వాసమును బహిరంగముగా ఒప్పుకొని, నాటిక్‌లోని కాంగ్రిగేషనల్ సంఘములో చేరెను. ఆ సంవత్సరముననే సైన్యాధికారిగా ఉన్న ఒక్కగానొక్క కుమారుడు టెక్సాస్‌లో మరణించెను. 1870లో భార్యయు గతించెను. ఒంటరియై మిగిలిన ఆయన కలము పట్టెను. అమెరికాలో దాసత్వపు బలము ఎట్లు పెరిగి ఎట్లు కూలెనో మూడు గొప్ప సంపుటములలో వ్రాయ పూనుకొనెను. మొదటి సంపుటము 1872లో వెలువడెను. దాసత్వము పోయినది గదా, పాత కథ యెందుకని జనులు తలంచుచున్న కాలమది. పుండు మానకముందే దానిని మరచినయెడల అది మరల చీము పట్టును.

1873 మార్చి 4న గ్రాంటు అధ్యక్షుని క్రింద ఆయన దేశ ఉపాధ్యక్షుడాయెను. ఆ ఉత్సవపు ఖర్చులకు మిత్రుడైన ఛార్లెస్ సమ్నర్ నొద్ద 100 డాలర్లు అప్పు పుచ్చుకొనవలసి వచ్చెనట. రెండు నెలలలో పక్షవాతము వచ్చెను. అయినను వ్రాత మానలేదు. 1875 నవంబరు 22న కాపిటల్ భవనములోని ఉపాధ్యక్షుని గదిలోనే తుదిశ్వాస విడిచెను. మిగిలిన పనిని సామ్యుయేల్ హంట్ అను పాదిరిగారు పూర్తిచేయగా 1877లో మూడవ సంపుటము వచ్చెను. ఆ యేటనే దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారికి అండగా ఉన్న సైనికులను ప్రభుత్వము వెనుకకు తీసికొనెను. పిమ్మట వారి ఓటు హక్కును క్రమముగా లాగివేసిరి. దేశము మరచెను. మరచినందుకు దీనులు మూల్యము చెల్లించిరి.

ప్రియులారా, మన సంఘములలో అనేకుల తాతలు పాలేర్లు. అనేకులు తోలుపని చేసి, జోళ్లు కుట్టి బ్రదికినవారు. ప్రభువు కృపచేత నేడు మన బిడ్డలు చదువుకొనిరి, ఉద్యోగములు చేయుచున్నారు. వారిలో కొందరు తాతగారి పనిని నలుగురిలో చెప్పుటకు తల వంచుకొనుచున్నారు. అంతకంటె విచారకరమేమనగా, మన దొడ్డిలో పశువులు కాయు కుఱ్ఱవానిని, మన పొలములో నాటువేయు కూలి తల్లిని, పూర్వము మనలను పిలిచినట్లే మనమును పిలుచుచున్నాము. వాని చదువు సంగతి అడుగము. ఆమె కూలి సాయంకాలమునకు ముట్టెనా యని చూడము.

ఈ నెలలో రెండు పనులు చేయుదము. ఇంటిలోని వృద్ధులను కూర్చుండబెట్టి, వారు పడిన పాట్లను అడిగి, ఒక పుస్తకములో వ్రాయించుడి. బిడ్డలచేతనే వ్రాయించుడి. రెండవది, మన యింట పనిచేయువారికి రావలసినదానిని తక్కువ లేకుండ, ఆలస్యము లేకుండ ఇచ్చి, బల్ల ఆరాధనకు రండి. విడిపించినవానిని జ్ఞాపకము చేసికొనుటకే గదా మనము ఆ బల్లయొద్దకు చేరుచున్నాము.

మనము ఎక్కడనుండి తీయబడితిమో మరువని హృదయమును ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.