దివంగత జస్టిస్ కోకా సుబ్బారావు గారు



సర్వీసులో ఉండగా చార్జి మెమో అందుకున్నవారు మనలో కొందరైనా ఉంటారు. విచారణలో ఏమీ తేలకపోయినా ఆ కాగితం ఫైలులో ఉండిపోతే కలిగే బాధ వారికే తెలుసు. ఉద్యోగికే అట్లా ఉంటే, నేరం రుజువు కాకపోయినా పోలీసుల చిట్టాలో పేరు మిగిలిపోయిన పేదవాని గతి ఏమిటి? మా పెన్‌పహాడ్ వైపు అటువంటి కూలి మనిషి ఒకరిని నేనెరుగుదును. కేసు కొట్టివేసి ఏళ్లు గడిచినా, ఎక్కడ దొంగతనం జరిగినా ముందు అతనికే పిలుపు వచ్చేది. అటువంటి వారి కోసం ఆలోచించిన తెలుగు న్యాయమూర్తిని ఈ ప్రత్యేక సంచికలో స్మరించుకుందాము.

సుబ్బారావు గారు 1902 జులై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రిగారు న్యాయవాది. సుబ్బారావు గారు మద్రాసులో లా చదివి, అక్కడే ప్రాక్టీసు చేసి, 1948లో మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. 1954లో గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా హైదరాబాదు హైకోర్టుకూ ఆయనే ప్రధాన న్యాయమూర్తి. ఆ విధంగా మన నల్లగొండ జిల్లా అప్పీళ్లు కూడా ఆయన కోర్టు పరిధిలోకి వచ్చాయి. 1958 జనవరిలో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అక్కడికి ఉత్తరప్రదేశ్ నుండి ఖరక్ సింగ్ అనే వ్యక్తి కేసు వచ్చింది. 1941లో బందిపోటు కేసులో పట్టుకొని, సాక్ష్యం లేదని వదిలేశారు. అయినా అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. రాత్రివేళ పోలీసులు, చౌకీదారు తలుపు తట్టి నిద్ర లేపుతున్నారని, పొరుగూరు పోవాలన్నా చెప్పిపోవలసి వస్తున్నదని అతని మొర. 1962 డిసెంబరు 18న తీర్పు వెలువడింది. ఆరుగురు జడ్జీలలో నలుగురు రాత్రి సోదాలను మాత్రం కొట్టివేసి, మిగతా నిఘాను ఉండనిచ్చారు. ఏకాంతం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నారు. సుబ్బారావు గారు మాత్రం, జస్టిస్ షా గారు తోడు రాగా, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదన్నారు. వెన్నంటి పోలీసు కన్ను ఉన్నంత కాలం మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్లు కాదని, ఏకాంతం స్వేచ్ఛలో భాగమేనని ఆయన అభిప్రాయం. అది అల్పసంఖ్యాక తీర్పు కనుక అమలు కాలేదు.

1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించరాదన్న గోలక్‌నాథ్ తీర్పు 1967 ఫిబ్రవరిలో ఇచ్చారు. ఏప్రిల్‌లో రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి, డా. జాకీర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. ఆ పదవి నుండి నేరుగా ఎన్నికలకు వెళ్లడం తగదని విమర్శించినవారూ ఉన్నారు.

ఎమర్జెన్సీలో 1976 ఏప్రిల్ 28న, నిర్బంధంలో ఉన్నవారు విడుదల కోసం కోర్టుకెక్కే వీలు లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎనిమిది రోజులకు, మే 6న, సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఆయన పోయిన 41 సంవత్సరాలకు, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కేనన్నారు. ఆ ఎమర్జెన్సీ తీర్పూ, ఖరక్ సింగ్ కేసులో ఆ హక్కు లేదన్న మాటా ఒకే రోజున రద్దయ్యాయి. నాడు వీగిపోయిన సుబ్బారావు గారి మాటే నేడు చట్టం.

ఆలస్యమైనా న్యాయమైన మాట ఫైలులో ఉంటే చాలు, ఏనాటికైనా పైకి వస్తుందని గుమాస్తాగా నా అనుభవం. అయితే మా కూలి మనిషి ఆ రోజు చూడకుండానే పోయాడు. మీ మనవలకు ఈ కథ చెప్పండి.